మిల్లు పంపిన తుమ్మ కట్టెలు

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య నన్ను పిలిచి శాలువా కప్పారు. కుర్చీలో కూర్చోబెట్టి, "మేడం, మీ సర్వీసులో గెలిచిన కేసు ఒకటి చెప్పండి" అన్నారు. మర్యాదకు నవ్వి, వాళ్లకు ఇలా చెప్పాను. గెలిచిన కేసంటే కొంచెం వెతుక్కోవాలి. గెలిచినా ఏమీ మిగలని కేసైతే ఇప్పుడే చెప్పగలను. అది తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఒళ్లు మండుతుంది. రిటైరైనవాళ్లు శాంతంగా ఉంటారని మీరనుకుంటే ఇంకెవరినైనా పిలుచుకోండి.

తొంభైల నడుమ నన్ను నిజామాబాద్ వేశారు. గాలిలో ఏముంది, నీళ్లలో ఏముంది అని పరీక్ష చేసి రిపోర్టు రాసే ఉద్యోగం. బోధన్ రోడ్డు మీద, ఊరు అయిపోయేచోట, ఒక బీడీల వాడ ఉండేది. దాని వెనక గోడను ఆనుకునే ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. వడ్లను తొట్లలో వేడినీళ్లు పోసి నానబెడతారు. నానిన వడ్లకు ఆవిరి పట్టి, ఎండబోసి, మర ఆడిస్తారు. నానిన వడ్లకు వేళకు ఆవిరి పట్టకపోతే పులిసి కంపు కొడతాయి. అందుకని ఒకసారి తొట్టి నింపాక బాయిలర్ ఆపడం కుదరదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

బాయిలర్‌లో ఊక వేసేవారు. మిల్లులో ఊకకు కొదవ లేదు, కొనే పని లేదు. ఊక మంటలోంచి లేచిన మసి చిమ్నీ దాటి వాడ మీద పడేది. మసి అంటే మీరు లాబ్‌లో వడపోత కాగితం మీద చూసే మరక కాదు. ఆరేసిన బట్టల మీద, బోర్లించిన గిన్నెల మీద, తడిపి పెట్టుకున్న తునికాకు మీద, ఆరుబయట పడుకున్న మనిషి కనురెప్పల మీద పడే మసి. ఆడవాళ్లు పొద్దున లేచి వాకిలి ఊడ్చేవారు, బీడీల చాట ముందేసుకునే ముందు మళ్లీ ఊడ్చేవారు, మధ్యాహ్నం మళ్లీ. ఊడ్చిన మసిని కుప్పచేసి మిల్లు గోడవతల విసిరేసేది ఒకామె. మా ఆఫీసుకు అర్జీ పట్టుకొచ్చింది ఆమే.

మోర్తాడ్ దిక్కు పిల్ల. ఈ వాడకు కోడలిగా వచ్చింది, బీడీలు చుడుతుంది. మొగుడు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, హమాలీ. ఆమె ఆఫీసుకొచ్చింది తన కోసం కాదు, అత్త కోసం.

"మా అత్తమ్మకు దమ్మున్నది మేడం. మిల్లు బందున్న దినాలు మంచిగనే ఉంటది, పానం నిమ్మళమైతది. మిల్లు నడిస్తె కూసున్నకాడ కూసోదు, పండుకున్నకాడ పండుకోదు. సర్కారు దవాఖాన్ల డాక్టరు ఏమన్నడంటె, ముసలమ్మనన్న ఆడికెంచి తీయుండ్రి, మిల్లునన్న తీయించుండ్రి, గోలీలతోని కాదు అన్నడు. ఆమె కదలదు. మేం యాడికి వోతం? ఇగ మిల్లునే తియ్యాలె."

ఆమె అడిగింది అంతే. అత్తకు ఊపిరాడాలి. ఈ కథలో మిగతాదంతా, చట్టం, కోర్టు, నేను, మా జీపు, ఆ ఒక్క ఊపిరి చుట్టూ తిరిగిన వ్యవహారమే.

అత్తను వాడంతా అవ్వ అనేది. వేల్పూర్ ఆడబిడ్డ. మొదటిసారి నేను పోయినప్పుడు వాకిట్లో మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి ఊపిరి లాగుతోంది. మాట్లాడుతుంటే నాలుగు మాటలకొకసారి ఆగాల్సి వచ్చేది. ఆగినా నోరు మాత్రం తగ్గేది కాదు.

"మా వేల్పూర్ల పసుపు ఉడకవెడితె ఊరంత పొగ. గా పొగ మంచిగ వాసనొస్తుండె. గీ మిల్లు పొగకు వాసన సుత లేదు బిడ్డ, ఉత్త నలుపే" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు సర్కారుదానివా? మరి బందు వెట్టియ్, యాడికి లేస్తున్నవ్?" అంది.

బందు పెట్టించడం అంత సులువైతే నేనీ కథ చెప్పేదాన్ని కాదు. చట్టం మసికి హద్దు గీసింది. ఇంత గాలిలో ఇంతకంటే ఎక్కువ ఉండకూడదు. అయితే ఆ ఇంత ఎంతో కొలవాలంటే చిమ్నీ పైకెక్కాలి, దానికి రంధ్రం ఉండాలి, నిలబడటానికి చెక్క ఉండాలి. మిల్లువాళ్లు నిచ్చెన కింది మెట్లు కోయించారు. "తుప్పు పట్టినయ్ మేడం, మీరు పడితె మా మీదికొస్తదని తీసినం" అన్నాడు మునీం. మునీం అంటే మిల్లు లెక్కలు, మనుషులు, మర్యాదలు అన్నీ చూసే మనిషి. మాట మెత్తన, చెయ్యి ఎప్పుడూ నమస్కారంలోనే. సేటు మాకు ఎన్నడూ కనపడలేదు. ఎప్పుడు పోయినా ఎక్కడో పెళ్లికి పోయి ఉండేవాడు.

ఇంకో సంగతి. మా జీపు రైల్వే గేటు దాటేసరికి ఆ చిమ్నీ నోట్లో వేలు పెడితే కొరకని పిల్లాడిలా ఉండేది. ఊక మంట తీసి కట్టెల మంట పెట్టేవారు. కట్టె మంటకు కొంచెం బూడిదరంగు పొగ వస్తుంది తప్ప నల్ల మసి రాదు. మేం బయల్దేరుతున్నట్టు వాళ్లకెలా తెలిసేది? మా ఆఫీసులో ఫోను ఒక్కటే ఉండేది. అది మా ఆఫీసర్‌గారి బల్ల మీద ఉండేది. ఇంతకంటే నేను చెప్పను, మీరు తెలివైనవాళ్లు.

ఒక్కసారి మాత్రం దొరికారు. ఆఫీసర్‌గారు సెలవులో ఉన్నారు. నేనూ, ఇంకో సీనియర్ అసిస్టెంటూ ఆటోలో పోయాం. ఆయన నిచ్చెన అద్దెకు తెచ్చాడు. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. కింద హమాలీలు నవ్వుతున్నారు, నవ్వనీ అనుకున్నాను. శాంపిల్ తీశాం. హద్దు ఎంతో, అందులో ఉన్నదెంతో చూస్తే నాకు పండగే. కోర్టులో వేశాం. మొదటి వాయిదాకే పోయింది. శాంపిల్ తీస్తున్నామని యజమానికి నోటీసు ఇవ్వాలి, ఆయన ఎదుట సీలు వెయ్యాలి. సేటు పెళ్లికి పోయాడు కదా, మా అసిస్టెంటు తొందరలో గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. "వాచ్‌మన్ యజమాని కాదు" అన్నాడు మిల్లు వకీలు. నిజమే, కాదు. చిమ్నీలో మసి ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ ఎవరు అన్న దాని మీద వాదన నడిచి కేసు కొట్టేశారు. మా అసిస్టెంటు మంచివాడు, ఆ రాత్రి అన్నం తినలేదట. నేను తిన్నాను. కోపంతో ఎక్కువే తిన్నాను.

అప్పుడు కోడలు ఇంకో దారి పట్టింది. వాడ ఆడవాళ్లందరి చేత వేలిముద్రలు వేయించి, ఇది ఊరికి ఉపద్రవం, ఆపించండి అని ఆర్డీఓ కోర్టులో అర్జీ పెట్టించింది. అక్కడ నన్ను సాక్షిగా పిలిచారు. మిల్లు వకీలు లేచి ఎంత తాపీగా మాట్లాడాడో నాకింకా చెవుల్లో ఉంది.

"సార్, ఆ వాడలో ఎన్ని ఇళ్లున్నాయో అన్ని కట్టెల పొయ్యిలున్నాయి. పొద్దున, సాయంత్రం అన్నీ పొగలే. వాళ్ల పొయ్యిల మసి వాళ్ల ముఖాన పడుతుంటే, పక్కనే మిల్లుందని మిల్లు మీద పెడుతున్నారు."

కోడలు లేచి ఏదో అనబోతే కూర్చోమన్నారు. ఆర్డీఓగారు ఇద్దరి మాటా విని, ఎమ్మార్వోను స్వయంగా పోయి ఒక దినమంతా చూసి రాయమన్నారు. నన్ను వెంట ఉండమన్నారు. వాడలో అక్కడక్కడ తెల్లగుడ్డలు పరచాలి, పొద్దుననుంచి సాయంత్రం దాకా ఉంచాలి, ఏం పడిందో రెండు పక్షాల ఎదుట చూడాలి. మిల్లు వకీలు వెంటనే ఒప్పుకున్నాడు. తేదీ ముందే తెలిసింది కదా, ఎందుకు ఒప్పుకోడు?

ఆ దినానికి ముందు సాయంత్రం గుడ్డలు ఎక్కడ పరవాలో చూద్దామని వాడకు పోయాను. వాకిట్లలో మంచాలు వేసి వాటి మీద పరుద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. "మంచం మీద తెల్లగుడ్డ కప్పుతరా? ఎవలు సచ్చిండ్రని?" అంది. సర్దిచెప్తుండగా వాడలోకి ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ నిండా తుమ్మ మొద్దులు. ఇంజన్ పక్కన మునీం.

"సేటు వంపిండు అక్కా. ఇంటికిన్ని దింపుకోండ్రి. ఊకెనే, పైసలద్దు. సేటు మనసు మీకు తెల్వది గని..."

ఎండీ ఎండని తుమ్మ. బాయిలర్ లాంటి పెద్ద మంటలో వేస్తే భగ్గున అంటుకుంటుంది. ఇంటి పొయ్యిలో పెడితే ఊదలేక చావాలి, ఇల్లంతా పొగ. వాడవాళ్లు కట్టెల కోసం పొలాల గట్ల వెంట తిరిగేవాళ్లు. అయినా ట్రాలీ చుట్టూ ఎవరూ ఎగబడలేదు. కోడలు ఒక మొద్దు తీసి గోటితో గీకింది. పచ్చి కనపడింది.

"గిన్నేండ్ల సంది ఒక పుల్ల ఇయ్యనోడు ఇయ్యాల ట్రాక్టర్ తోలిండు" అంది. "రేపు మన పొయ్యిలు గుప్పుగుప్పున పొగెయ్యాలె. ఎమ్మార్వో సారు సూడాలె. గంతేనా మేడం?"

అంతే. అంత సిగ్గులేని తెలివి. రేపు మిల్లులో కట్టెల మంట, వాడలో పచ్చి తుమ్మ పొగ. నాకు ఆ మునీంను అదే మొద్దుతో కొట్టాలనిపించింది. గవర్నమెంటు ఉద్యోగిని, కొట్టలేదు.

"దింపు దింపు, మొత్తం దింపు" అంది కోడలు మునీంతో. అవ్వ ఇంటి గోడ పక్కన కుప్ప పోయించింది. ట్రాక్టర్ పోయాక ఆడవాళ్లందరినీ చూసి, "రేపు పొయ్యి అంటియ్యద్దు. ఒక్క ఇంట్ల సుత" అంది.

మీకు తెలియకపోవచ్చు, చెప్తాను. ఇంట్లో చావైతే పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెస్తారు. వాడ వాడంతా పొయ్యి ఆర్పడమంటే అపశకునం, నోటితో అనడానికే భయపడతారు. ఒకామె, "పసిపిల్లల ఇండ్లున్నయ్ గదనే, గట్లెట్ల?" అంది. ఇంకొకామె, "రంజాన్ రోజా దినాలల్ల మా ఇంట్ల పొద్దంత పొయ్యి అంటదు, మేం బతుకుతలేమా?" అని తమ ఇంటి సంగతి చెప్పింది. పిల్లల పాలు వెనక వాడలో కాచుకొద్దామన్నారు. జొన్నరొట్టెలు ఇప్పుడే చేసి పెట్టుకుందామన్నారు. చివరికి అందరూ అవ్వ వైపు చూశారు. ఆమె వద్దంటే కుదరదు.

అవ్వ చాలాసేపు ఊపిరి తీసుకుంది. "ఎవలో ఒకలు సావకుంట పొయ్యి ఎట్ల ఆర్పుతరే?" అని మళ్లీ ఆగింది. "నా పేరు మీద ఆర్పుండ్రి. ఎట్లన్న పొయ్యేదాన్నే గద. ఒక్కదినం ముందుగాల ఆర్పితె ఏం గాదు."

నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున ఎమ్మార్వో జీపులో వచ్చాడు. అలసిపోయిన మనిషి, అంతకుముందు రోజు బోధన్ దిక్కు చెరుకు బండ్ల తగాదా తీర్చి వచ్చాడట. వెంట మిల్లు వకీలు. వాడలో గుడ్డలు పరిచాను. మంచాల మీద కాదు, అవ్వ మాట మీద, బీడీల చాటలు బోర్లించి వాటి మీద. వకీలు పొగ కోసం ఇంటింటి కప్పులూ చూస్తున్నాడు. ఎక్కడా పొగ లేదు. గిన్నెల చప్పుడు లేదు, పోపు వాసన లేదు. ఆయన ముఖం మారింది. పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే కదా. చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "ఏమైంది? ఎవరన్నా..." అని ఆగిపోయాడు.

అంతలో మునీం రెండు చేతులూ జోడించుకుని వచ్చాడు. "అయ్యో, పొయ్యిలు అంటలేవట. ఎవలు వోయిండ్రు?"

అవ్వ మంచం మీద నుంచి, "నేనే. సూసి పో" అంది.

ఎమ్మార్వో రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. మునీం చేతులు దించలేదు, ఎత్తలేదు, అలాగే ఉండిపోయాడు.

ఇంతవరకూ బాగుంది. మధ్యాహ్నానికి లెక్క తిరగబడింది. మిల్లు నడుస్తోంది. చిమ్నీ పైన సన్నగా బూడిదరంగు పొగ. చాటల మీద గుడ్డలు మల్లెపూలలా ఉన్నాయి. వకీలుకు ప్రాణం లేచి వచ్చింది. ఎమ్మార్వో దగ్గరికి జరిగి, "సార్, మీరే చూస్తున్నారు. ఇవాళ మిల్లు నడుస్తోంది, పొయ్యిలు నడవడం లేదు. మసి లేదు. అంటే మసి ఎక్కడిదో తేలిపోయింది. రాసుకోండి, బయల్దేరుదాం. మిల్లులో భోజనం చల్లారిపోతోంది" అన్నాడు.

ఆడవాళ్లు ఎంతో ధైర్యం చేసి ఆర్పిన పొయ్యిలు వాళ్ల మెడకే చుట్టుకున్నాయి. కోడలి వైపు చూడలేకపోయాను. అవ్వ మాత్రం, "సారు, మీరు వోయి తిని రాండ్రి. మేం గుడ్డల కాడ కావలుంటం" అంది మామూలుగా.

ఎమ్మార్వో భోజనానికి తీసుకుపోను వచ్చి ఆగిన మిల్లు కారును చూశాడు, నా ముఖం చూశాడు. "సాయంత్రం దాకా అని ఆర్డరులో ఉంది. సాయంత్రం దాకా ఉంటా" అని అరుగు మీద కూర్చున్నాడు. ఎవరో చల్లారిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టిచ్చారు. తిన్నాడు. నా సర్వీసంతా వెతికినా పైఅధికారులను చూసి నాకు కలిగిన గౌరవం చాలావరకూ ఆ ఒక్క రొట్టె దగ్గరే ఉంది.

ఎండ తిరిగే వేళకు గోడవతల గొడవ మొదలైంది. బాయిలర్ మనిషి కేకలు. "కట్టెలు వొడిసినయ్! తొట్టి నిండ వడ్లు నానినయ్, ఆవిరి పట్టకపోతె పులుస్తయ్. నేనేం జెయ్యాలె?" మునీం ఏదో సర్దుతున్నాడు. కాసేపటికి వాడలోకి ఉరుక్కుంటూ వచ్చాడు. ఎమ్మార్వో అక్కడే ఉన్నాడన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాడో, ఏమో. నేరుగా కోడలి దగ్గరికి పోయి, "అక్కా, నిన్న దింపిన కట్టెలు... మీరు ఎట్లన్న అంటియ్యలేరు గద... వాపస్ ఇయ్యరాదు? మల్ల రేపు రెండింతలు తోలుత" అన్నాడు.

ఒక దినానికి సరిపోయే కట్టెలు కొని, వాటిలో ఒక ట్రాలీ వాడకు తోలాడు. అదీ లెక్క. వాడ పొగ కోసం పంపిన కట్టెలు మిల్లులోనే తక్కువపడ్డాయి.

"ఏ కట్టెలు?" అన్నాడు ఎమ్మార్వో, అరుగు దిగుతూ.

అవ్వ మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. ఆమె నిలబడటం నేను చూసింది అప్పుడే.

"సావు ఇంటికి వంపిన కట్టెలు వాపస్ అడుగుతర్ర? యాడన్న ఉన్నదా? మీ ఇంట్ల పెద్దలకు గట్లనే జేసినవా?" అంది. ఊపిరి అందక గోడకు ఆనుకుంది, కానీ మాట మొత్తం అనేసింది.

ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి మా జిల్లాలో లేడు. చావింటికి ఇచ్చిన కట్టె తిరిగి తీసుకోవడం కన్నా అడుక్కుతినడం నయమనుకుంటారు. మునీం తల దించుకుని పోయాడు. కాసేపటికి బాయిలర్‌లో ఊక పడింది. చిమ్నీ నోరు తెరిచింది. మొదట ఒక నల్లటి గుత్తి లేచింది, తర్వాత చుట్టలు చుట్టలుగా. వాడ మీదికి వాలింది. చాటల మీద తెల్లగుడ్డలు చూస్తుండగానే చుక్కలు పడ్డాయి, చుక్కలు కలిసి మచ్చలయ్యాయి. ఎమ్మార్వో తెల్ల చొక్కా భుజాలు కూడా. వకీలు గొడుగు తెచ్చుకుని ఉండాల్సింది.

ఎమ్మార్వో అన్నీ రాశాడు. కట్టెల సంగతి కూడా రాశాడు. పోతూ పోతూ కోడలితో, "ఆ కుప్ప సాక్ష్యం. కేసు అయిపోయేదాకా ఒక్క మొద్దు కదపొద్దు" అన్నాడు.

ఆర్డరు వచ్చింది. మసి పట్టే యంత్రం బిగించి, చిమ్నీ ఎత్తు పెంచేదాకా బాయిలర్ ముట్టించకూడదు. మిల్లు ఆగింది. ఆ దినాల్లో నేను వాడకు పోతే అవ్వ వాకిట్లో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నిటారుగా కూర్చుంది. ఆగకుండా మాట్లాడింది, నన్ను మధ్యలో మాట్లాడనివ్వలేదు. మీరు నన్ను గెలిచిన కేసు చెప్పమన్నారు కదా, అదిగో అదే. ఆ కొద్ది రోజులే.

తర్వాత సేటు పెళ్లిళ్లు మానుకుని హైదరాబాద్ పోయాడు. స్టే తెచ్చాడు. విచారణ పద్ధతి ప్రకారం జరగలేదని, ఎమ్మార్వో వాడవాళ్ల రొట్టె తిన్నాడు కాబట్టి పక్షపాతమని రాయించాడట. రొట్టె! మిల్లులో కోడికూర తిని ఉంటే నిష్పక్షపాతం అయ్యేదన్నమాట. నేను హైదరాబాద్ కోర్టు బెంచీల మీద ఎన్నిసార్లు కూర్చున్నానో నాకే తెలీదు. మన తరఫు వకీలు ఫైలు తేలేదు, వాయిదా. వాళ్ల వకీలుకు జ్వరం, వాయిదా. పొద్దుపోయింది, వాయిదా. మా ఆఫీసర్‌గారిని అడిగితే, "కోర్టులో ఉన్న విషయం, మనం మాట్లాడకూడదు" అన్నాడు. ఎంతో హాయిగా అన్నాడు. ఆయన బల్ల మీద ఫోను మాత్రం మోగుతూనే ఉండేది. స్టే అంటే ఆగడం అనుకునేదాన్ని. ఆగింది మా ఆర్డరు. మిల్లు కాదు.

ఊక మంట మళ్లీ మొదలైంది. ఈసారి దాపరికం కూడా లేదు, మా జీపు ముందు నుంచే నల్లగా లేచేది. కోడలు ఆఫీసుకొచ్చి అరిచేది. అరవనిచ్చేదాన్ని. తుమ్మ కట్టెల కుప్ప అవ్వ ఇంటి గోడకు అలాగే ఉండేది. వానకు తడిసి, ఎండకు ఎండి, పైన మసి పేరుకుని. కట్టెలు లేక వాడవాళ్లు ఎండిన కంపలు, కంది పొరక ఏరుకొచ్చి వండుకునేవారు, ఆ కుప్పను ముట్టలేదు. ఎమ్మార్వో సారు వద్దన్నాడు కదా. చట్టం మాట ఆ జిల్లాలో నిలబెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే వాళ్లే.

చలికాలంలో అవ్వను దవాఖానకు తీసుకుపోయారు, తీసుకొచ్చారు, మళ్లీ తీసుకుపోయారు. ఒక పొద్దున ఆఫీసుకు కోడలు మనిషిని పంపింది. నేను ఆటోలో పోయాను. వాడ మొగదలలోనే తెలిసిపోయింది. ఒక్క పొయ్యీ వెలగడం లేదు. మంచం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆరోజు ఎవరూ వద్దనలేదు. గుడ్డ మీద మసి పడుతోంది. కోడలు కొంగుతో దులుపుతోంది, పడుతోంది, దులుపుతోంది. అంతకంటే పెద్ద సాక్ష్యం నేను నా సర్వీసులో చూడలేదు. యజమానికి నోటీసు ఇవ్వలేదు కాబట్టి అది చెల్లదు.

కోడలు నన్ను చూసి పక్కకు పిలిచింది. ఏడుపు కాదు, ముఖమంతా కోపమే. "మేడం, దహనానికి కట్టెలు కావాలె. గా కుప్ప ముడితె కేసు వోతదా?"

నేను ఏమనాలి? పోతుంది. సాక్ష్యం కదా.

"ముట్టండి. ఒక్కటి కూడా మిగల్చకండి" అన్నాను.

మగవాళ్లు మొద్దులు ఎత్తుతుండగా మునీం వాడలోకి వచ్చాడు. ఎప్పటిలాగే చేతులు జోడించి. మంచం ఆ పక్కన మనుషుల చాటున ఉంది, అతనికి కనపడలేదు. "పొయ్యిలు అంటలేవని వాచ్‌మన్ చెప్పిండు" అన్నాడు. "ఎవలు వోయిండ్రు?"

అందరూ పక్కకు జరిగారు. అతను మంచం చూశాడు. తర్వాత మగవాళ్ల భుజాల మీది మొద్దులు చూశాడు, గుర్తుపట్టాడు.

"నువ్వు దింపినయే" అంది కోడలు. "వాపస్ అడగనీకొచ్చినవా?"

అతను గేటు వైపు నడిచాడు. ఆ గేటు లోపల బాయిలర్ మండుతూనే ఉంది, శ్మశానం నుంచి మేం తిరిగి వచ్చేసరికి కూడా. స్టే ఉంది కదా.